క్యాన్సర్‌కు వేరు ఎక్కడ: జన్యువులోనా, జీవక్రియలోనా?

ప్రశ్నార్థి:
క్యాన్సర్‌ను జన్యువులలో ఉత్పరివర్తనల వల్ల కలిగే వ్యాధిగానే పాఠ్యపుస్తకాలు బోధిస్తున్నాయి. అయితే ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్నప్పటికీ కణితి కణాలు గ్లూకోజును పూర్తిగా దహించక లాక్టిక్ ఆమ్లంగా మార్చివేస్తాయని జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920లలోనే చూపారు. కణశ్వాస దెబ్బతినడమే క్యాన్సర్‌కు మూలమని 1956లో మరింత గట్టిగా వాదించారు. పెట్ స్కానులో కణితి మెరిసేది కూడా అది గ్లూకోజును అతిగా పీల్చుకోవడం వల్లనే. కాబట్టి జీవక్రియ వేరు, జన్యుమార్పులు కొమ్మలు అని నా వాదన. చక్కెర మానివేస్తే కణితికి ఆహారం అందదని కూడా నమ్ముతున్నాను.

కణశాల:
ప్రశ్నార్థి గారూ, వార్‌బర్గ్ కొలత నిలిచింది. ఆయన చెప్పిన కారణం నిలవలేదు. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లనే చిక్కు వస్తోంది.

సముద్రపు అర్చిన్ల గుడ్లు ఫలదీకరణం చెందగానే వాటి ప్రాణవాయువు వినియోగం ఎన్నో రెట్లు పెరగడాన్ని 1908లో గమనించినవారు కనుక, వేగంగా పెరిగే కణితి కూడా అలాగే ఎక్కువగా శ్వాసిస్తుందని ఆయన భావించారు. పలుచని కణజాలపు ముక్కలను పీడనమాపకంలో ఉంచి కొలిస్తే శ్వాస పెరగలేదు, లాక్టిక్ ఆమ్లం పెరిగింది. సముద్రజీవుల అధ్యయనం, వాయువులను కొలిచే రసాయన పద్ధతి, వైద్యం ఒకరి బల్ల మీద కలిసినందువల్లనే ఈ ప్రశ్న పుట్టింది.

అయితే చాలా కణితులలో శ్వాసక్రియ సక్రమంగానే సాగుతోందని సిడ్నీ వైన్‌హౌస్ 1956లోనే అభ్యంతరం తెలిపారు. పైగా, సూక్ష్మజీవులను ఎదుర్కోవడానికి వేగంగా విభజన చెందే ఆరోగ్యకరమైన లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు కూడా గ్లూకోజును ఇలాగే వాడతాయి. ఒక గ్లూకోజు అణువు లాక్టిక్ ఆమ్లం దగ్గరే ఆగిపోతే నికరంగా 2 ఏటీపీలు (కణానికి శక్తినందించే అణువులు), పూర్తిగా ఆక్సీకరణం చెందితే సుమారు 30 లభిస్తాయి. ఇంత నష్టానికి కణం ఎందుకు ఒప్పుకుంటుంది? వాండర్ హైడెన్, కాంట్లీ, థాంప్సన్ 2009లో ఇచ్చిన సమాధానం నాకు సబబుగా తోస్తుంది: రెండుగా విడిపోబోయే కణానికి శక్తితో పాటు కొత్త పొరలకు కొవ్వులు, డీఎన్‌ఏకు న్యూక్లియోటైడ్లు, ప్రోటీన్లకు అమైనో ఆమ్లాలు కావాలి. ఇల్లు కట్టుకునేవాడు దూలాల కలపనంతా పొయ్యిలో పెట్టడు కదా. ఈ మార్పును నడిపించేవి చాలాసార్లు కణ విభజనను ప్రేరేపించే రాస్, మిక్ వంటి జన్యువులే.

గోదావరి:
ఒక అభ్యంతరం. సక్సినేట్ డీహైడ్రోజినేస్ అనేది, కణశ్వాస జరిగే మైటోకాండ్రియాలో సక్సినేట్ అనే పదార్థాన్ని మార్చే ఎంజైము. అందులో ఒక భాగాన్ని తయారుచేసే జన్యువు లోపమే నాడీ కణజాలంలో వంశపారంపర్యంగా వచ్చే పారాగాంగ్లియోమా కణితులకు కారణమని 2000లో తేలింది. కొన్ని మెదడు కణితులలో మారిపోయిన ఐడీహెచ్1 ఎంజైము 2-హైడ్రాక్సీగ్లుటరేట్ అనే పదార్థాన్ని పేరుకునేలా చేస్తుందని 2009లో వెల్లడైంది. కణాలు పరిపక్వం కాకుండా ఆ పదార్థం అడ్డుపడుతుంది. ఇక్కడ జీవక్రియను కొమ్మ అనగలమా?

కణశాల:
అనలేము, ఒప్పుకుంటున్నాను. ఆ కణితులలో చెడినది జన్యువే అయినా, వ్యాధిని ముందుకు నెట్టేది పేరుకున్న పదార్థమే.

చక్కెర విషయంలో మాత్రం ఏకీభవించలేను. మనం తినకపోయినా కాలేయం అమైనో ఆమ్లాల నుంచి గ్లూకోజును తయారుచేసి రక్తంలో దాని స్థాయిని నిలుపుతుంది. కణితి గ్లుటమైన్ అనే అమైనో ఆమ్లాన్ని కూడా వాడుకోగలదు. మా బంధువు ఒకరు ఈ నమ్మకంతోనే చికిత్సను వాయిదా వేసి, చక్కెరతో పాటు అన్నం కూడా మానేసి, శస్త్రచికిత్సకు తట్టుకోలేనంతగా చిక్కిపోయారు. అందుకే ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

జీవక్రియను నిజంగా దెబ్బకొట్టిన చికిత్స వెనుక మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని సైరస్ ఫిస్క్‌తో కలిసి వెలికితీసిన ఆయనే, తరువాత లెడర్లీ ప్రయోగశాలలో, కొత్త డీఎన్‌ఏ తయారీకి అవసరమైన ఫోలిక్ ఆమ్లపు పనిని అడ్డుకునే మందుల తయారీకి నాయకత్వం వహించారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు తాత్కాలిక ఉపశమనం కలిగిందని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. ఆ కోవలోని మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. అది ఆపేది ఒక నిర్దిష్టమైన ఎంజైమును, రోగి భోజనాన్ని కాదు.

ప్రశ్నార్థి:
చక్కెర గురించి రాసిన వాక్యాన్ని ఉపసంహరించుకుంటున్నాను. మైటోకాండ్రియా వాదనను మాత్రం ఇంకా వదలలేదు. సక్సినేట్ పేరుకుంటే కణంలో తరువాత ఏమి జరుగుతుందో గోదావరి గారు వివరిస్తే, అక్కడి నుంచి కొనసాగిస్తాను.