గాడిద మోసే మూటకు రమ్మీలో ఏం పేరు?

ఒక మాట గురించి అడగాలి. దానికి ముందు ఆట చెప్పాలి, కాస్త ఓపిక పట్టండి.

మాది చిత్తూరు. ఎండాకాలం సెలవుల్లో అందరం అవ్వ ఇంటికి చేరతాం. మధ్యాహ్నం కరెంటు పోగానే పేక దిగుతుంది. పెద్దోళ్లకు రమ్మీ కావాలి, చిన్నోళ్లకు గాడిదాట కావాలి. కొట్లాట తెగక రెండూ కలిపేశాం. నలుగురికి 13 ముక్కల చొప్పున పంచితే 52 సరిపోతాయి, జోకర్లు పక్కన పెట్టేస్తాం. ఇస్పేటు ఆసు ఉన్నవాళ్లు మొదలుపెట్టాలి. ఏ రంగు దిగితే అందరూ ఆ రంగే వేయాలి. అందరూ వేస్తే ఆ నాలుగు ముక్కలూ చెత్తలోకి పోతాయి, పెద్ద ముక్క వేసినవాళ్లు మళ్లీ దించుతారు. ఆ రంగు లేనివాళ్లు వేరే ముక్క విసిరి 'వెట్టేస్తారు'. అక్కడితో ఆ చుట్టు ఆగిపోతుంది. దిగిన రంగులో పెద్ద ముక్క వేసినవాళ్లు కింద ఉన్నవన్నీ ఎత్తుకోవాలి. ఇంతవరకు గాడిదే.

ఇక రమ్మీ. ఎత్తుకున్న వెంటనే, అప్పుడు మాత్రమే, చేతి ముక్కలతో కలిపి సీక్వెన్సు గానీ ఒకే అంకె ముక్కలు మూడు గానీ కుదిరితే నేల మీద దించేయొచ్చు. దించే ప్రతి జట్టులో ఎత్తుకున్న ముక్క ఒకటైనా ఉండాలి, లేకుంటే తొండి. చెయ్యి ఖాళీ అయినవాళ్లు గట్టెక్కినట్టు. ఆఖరున మిగిలినవాళ్లు గాడిద, సాయంత్రం అంగడికి పోయి అందరికీ బజ్జీలు తేవాలి. డబ్బు పెట్టం.

ఎత్తుకునే ముక్కల్ని మేం 'మూట' అంటాం, గాడిద మోసేది కదా. కానీ నిన్న మా చెల్లి కావాలనే కళావరు రాజు వేసి మూట తెచ్చుకుంది. ఎత్తింది మూడు ముక్కలు, దించింది ఆరు! శిక్ష కాస్తా లాభమైంది. మరి పేరు మార్చాలా? తమ్ముడు 'ముడుపు' అందామన్నాడు. "కొండ ఇంత దగ్గర పెట్టుకుని, స్వామికి కట్టేదాన్ని పేకలో పెడతావా?" అని అవ్వ కసిరింది.

మదనపల్లె నుంచి: మూటను కదిలించకండి. పాపమూ మూటగట్టుకుంటాం, డబ్బూ మూటగట్టుకుంటాం. మీ ఆటలో జరిగేదీ అదే కదా. మార్చాల్సింది 'వెట్టు'. అది పక్కా అరవం, వెట్టడమంటే నరకడం. హాయిగా 'కోత' అనండి.

అడిగినవారు: అన్నా, మా అవ్వ పుట్టిల్లు తమిళనాడులోని గుడియాత్తం. కోత అంటే ఆమెకు కరెంటు కోతే. ఆమె ఉన్నంతకాలం వెట్టును వెట్టడం నా వల్ల కాదు.

శ్రీకాళహస్తి నుంచి: పరాయి మాటలు ఏరేస్తే పేకలో ఏం మిగులుతుందండీ? కళావరు డచ్చివాళ్ల 'క్లావర్'. వాళ్లకు అది మూడాకుల గడ్డి పేరు, పేకలో ఆ రంగు పేరూ అదే. ముక్క తీసి చూడండి, బొమ్మలో ఉన్నది మూడాకులే. ఇంగ్లీషువాళ్లు దాన్నే క్లబ్ అంటారు, అంటే దుడ్డుకర్ర. బొమ్మకూ పేరుకూ పొంతనే లేదు, ఈ ఒక్క విషయంలో మనమే నయం. తురుపు కూడా వాళ్ల 'త్రూఫ్'కూ, ఆఠీను వాళ్ల 'హార్టెన్'కూ దగ్గర చుట్టాల్లా వినిపిస్తాయి. డచ్చివాళ్లు మొదట మచిలీపట్నంలో వ్యాపారం పెట్టారు, 1613 నాటికి పులికాట్ సరస్సు దక్షిణాన పళవేర్కాడులో గెల్డ్రియా కోట కట్టుకున్నారు. అది మనకెంత దూరం? ఇస్పేటు మాత్రం వాళ్లది కాదు, వాళ్ల మాట 'స్ఖోపెన్'. అది ఇంగ్లీషు 'స్పేడ్', ఇస్కూలు, ఇస్టేషను లాగా మన నోరు ముందు ఒక 'ఇ' తగిలించుకుంది.

నగరి నుంచి: మాది మగ్గాల వీధి. పేక అంటే నాకు ముందు గుర్తొచ్చేది పడుగులో అడ్డంగా పోయే నూలే. రమ్మీని నిలువుగా పరిచి గాడిదను అడ్డంగా తోలినట్టున్నారు. కలిపిన ఆటకు పేరేమీ చెప్పలేదుగా, 'పడుగూపేకా' అని పెట్టుకోండి.

అడిగినవారు: పేరు అందరికీ నచ్చిందక్కా. అవ్వకు మీ జవాబులన్నీ చదివి వినిపించాను. "అంత పేరు నాకు నోరు తిరగదు, నేను గాడిదాటే అంటా" అంది. నిన్న బజ్జీలు తెచ్చింది ఎవరో మాత్రం ఇక్కడ రాయొద్దంది.