ఆలోచనలు ఆగిపోవడమే జ్ఞానమా, ఆగాక చేయవలసిన పని ఇంకొకటి ఉందా?

సైదాబాద్ సాధకుడు:

పోయిన నెల నగర శివార్లలో పది రోజుల విపశ్యన శిబిరంలో కూర్చుని వచ్చాను. తెల్లవారుజామున నాలుగింటికి గంట, రోజుకు దాదాపు పది గంటల ధ్యానం, పక్కవారితో మాటా చూపూ లేని ఆర్యమౌనం. మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర శ్వాసను గమనించాం. నాలుగో రోజు నుంచి ఒంట్లో కలిగే వేదనలను, అంటే నొప్పి, దురద, వేడి లాంటి స్పర్శలను, తల నుంచి పాదాల దాకా చూసుకుంటూ పోవడం. ఆరు రోజులు నా తలలో ఆఫీసు లెక్కలు, చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు తిరుగుతూనే ఉన్నాయి. ఏడో రోజు సాయంత్రం ఏమైందో గానీ అన్నీ సద్దుమణిగాయి. గంట కొట్టేదాకా లోపల ఒక్క మాట పుట్టలేదు. లేచేటప్పటికి కళ్లు తడిసి ఉన్నాయి.

ఇంటికి వచ్చిన మూడో రోజు, నీళ్ల ట్యాంకరుకు ఫోను చేయడం మరిచిపోయాడని మా తమ్ముడి మీద ఇంటిల్లిపాదీ బిత్తరపోయేలా అరిచాను. అరుస్తున్నంతసేపూ ఆ సాయంత్రం గుర్తుకైనా రాలేదు.

మనసు నిశ్చలమైతే సత్యం దానంతట అదే తెలుస్తుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. నాకు నిశ్చలత్వం దొరికింది. తెలిసిందేమీ లేదు. మరి ఆలోచనలు ఆగడమే గమ్యమా? సాధనలో ఉన్నవారు చెప్పండి.

గోరువంక:

సాధకుడు గారూ, ఒక్క సాయంత్రానికే ఫలితం లెక్క చూసుకుంటున్నారు. నేను ఇరవై ఏళ్లుగా కూర్చుంటున్నాను. కడ్తాల్‌లోని పిరమిడ్ ధ్యాన కేంద్రానికి వెళ్లే మాలాంటి వాళ్లకు, పిరమిడ్ ధ్యాన ఉద్యమం మొదలుపెట్టిన పత్రీజీ నేర్పింది "శ్వాస మీద ధ్యాస" అన్న మూడు మాటలే. ఎంత వయసో రోజుకు అన్ని నిమిషాలు కూర్చోమన్నారు. నాకిప్పుడు యాభై ఎనిమిది.

పతంజలి యోగసూత్రాల్లో రెండోదానిలోనే తేల్చారు: యోగశ్చిత్తవృత్తి నిరోధః, మనసులోని తలపులు ఆగడమే యోగమని. మూడో సూత్రం, అప్పుడు ద్రష్ట, అంటే లోపల చూసేవాడు, తన స్వరూపంలో నిలుస్తాడని. "అప్పుడు" అన్నారు. మధ్యలో ఇంకో పని చెప్పలేదు. కుండలో నీరు తేరుకుంటే అడుగు కనిపిస్తుంది. మీరు కుండను మాటిమాటికీ కదిపి, అడుగు కనిపించలేదంటున్నారు.

అరుణాచల దారి:

గోరువంక గారి కుండతోనే నాకు పేచీ. అడుగు కనిపించాలంటే నీరు తేరుకుంటే సరిపోదు, చూసేవాడు మేలుకొని ఉండాలి. గాఢనిద్రలోనూ ఆలోచనలుండవు. రోజూ రాత్రి ఆ స్థితికి వెళ్లి వస్తున్నాం, పొద్దున లేచేసరికి మన కోపాలు మంచం పక్కనే కాచుకుని ఉంటున్నాయి.

రమణ మహర్షి ఉపదేశసారంలో ముప్ఫై శ్లోకాలున్నాయి. పదకొండో శ్లోకంలో, శ్వాసను నిరోధిస్తే మనసు వలలో చిక్కిన పక్షిలా అణుగుతుందంటారు. పదమూడో శ్లోకంలో అసలు తేడా చెబుతారు: మనసు అణగడం రెండు విధాలు, లయం, నాశం. లయమైనది మళ్లీ లేస్తుంది, నశించినది లేవదు. సాధకుడు గారూ, ఏడో రోజు సాయంత్రం మీ పక్షి వలలో ఉంది. ట్యాంకరు రాని రోజు వల తొలగింది. మీ తమ్ముడి మీదికి ఎగిరింది ఆ పక్షే.

మహర్షి ఒక కథ చెప్పేవారు. గంగ ఒడ్డున ఒక యోగి దాహమేసి శిష్యుణ్ణి నీళ్లు తెమ్మన్నాడు. ఆ నీళ్లు వచ్చేలోగా సమాధిలోకి వెళ్లిపోయాడు. కొన్ని వందల ఏళ్లు గడిచాయి. కళ్లు తెరిచి మొదట అడిగిన మాట: "నీళ్లేవి?" అన్నేళ్ల నిశ్శబ్దం ఒక్క దాహాన్ని కూడా తుడవలేకపోయింది! ఈ కథ గుర్తుకొచ్చినప్పుడల్లా నా సాధన మీద నాకే భయం వేస్తుంది.

అద్వైత గురువు గౌడపాదులు మాండూక్య ఉపనిషత్తు మీద రాసిన కారికల్లో "లయే సంబోధయేచ్చిత్తం" అన్నారు. మనసు లయిస్తే దాన్ని మేల్కొలపమని. ఆ వెంటనే, అక్కడి సుఖాన్ని రుచి చూస్తూ కూర్చోవద్దన్నారు. మీ కళ్లు తడిసిన క్షణానికి ఆ రెండో హెచ్చరిక వర్తిస్తుందేమో చూసుకోండి. నిజానికి మీ శిబిరంలో చెప్పిందీ ఇదే. శ్వాసను గమనించడం మనసును పదును పెట్టడానికి. నాలుగో రోజు నుంచి అసలు పని, పుట్టి పోయే వేదనల్లో అనిత్యాన్ని చూడటం, దేనికీ ఉలిక్కిపడకుండా సమతలో ఉండటం. మీరు పదునైన కత్తిని చూసి మురిసిపోయి, కూర తరగకుండా లేచి వచ్చారు.

కొత్తపేట వైద్యుడు:

మానసిక వైద్యంలో ఉన్నాను కాబట్టి రెండు మాటలు. ఆలోచనలను ఆపాలనుకోవడమే మొదటి పొరపాటు. మందు తాగేటప్పుడు కోతిని తలచుకోవద్దన్న మన సామెతను 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ దాదాపు అలాగే పరీక్షించారు. ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని, తలపుకు వస్తే గంట కొట్టమని విద్యార్థులకు చెప్పారు. గంటలు మోగుతూనే ఉన్నాయి. తర్వాత తలచుకోమన్నప్పుడు, మొదటి నుంచీ తలచుకోమన్న వారికంటే వీరికే ఆ తలపు ఎక్కువగా వచ్చింది.

ఇంకొకటి, దీన్ని దయచేసి తేలికగా తీసుకోవద్దు. దీర్ఘ ధ్యానంలో భయం, నిద్ర తగ్గిపోవడం, తాను తనకే పరాయిగా తోచడం వంటివి ఎదురైన సాధకుల అనుభవాలతో 2017లో ఒక అధ్యయనం వెలువడింది. తీవ్రమైన కుంగుబాటు, భ్రాంతులు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా పది రోజుల మౌనానికి వెళ్లకండి.

తులసికోట:

మా అమ్మకు మతిమరుపు జబ్బు. పూట పూటకూ అదే ప్రశ్న, అదే జవాబు. నాకు పది రోజులు కాదు, పది నిమిషాల ఏకాంతం లేదు. దోమలగూడ రామకృష్ణ మఠంలో విన్న గీతా శ్లోకం ఒక్కటే నాతో ఉంది, ఆరో అధ్యాయం ఇరవై ఆరు: చంచలమైన మనసు ఎక్కడెక్కడికి పోతే అక్కడక్కడి నుంచి మళ్లించి ఆత్మలో నిలపమని. పోతుందని శ్లోకమే ఒప్పుకుంది. అమ్మ నలభయ్యోసారి "నాన్న వచ్చాడా?" అన్నప్పుడు నా మనసు విసుగు వైపు పోతుంది. ముద్ద కలుపుతూ వెనక్కి తెచ్చుకుంటాను. కొన్నిసార్లు తేలేను, ఆ రోజు గొంతు పెరుగుతుంది, తర్వాత ఏడుపొస్తుంది.

అరుణాచల దారి గారూ, లయమా నాశమా అని తూచే స్థితిలో నేను లేను. కానీ విసుగు పుట్టి, పెరిగి, పోవడం అమ్మ మంచం దగ్గర చూశాను. అది జ్ఞానం కాదని మీరంటే ఒప్పుకోను.

గోరువంక:

తులసికోట గారికి నమస్కారం. నా మాట మాత్రం మార్చుకోను. ధ్యానంలో కూర్చోవడం తెలియని మనిషికి ఆ విసుగు కనిపించదు. మీరు కూర్చునే ఉన్నారు, మంచం పక్కన.

సైదాబాద్ సాధకుడు:

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. నిన్న రాత్రి తమ్ముణ్ణి డాబా మీదికి తీసుకెళ్లి తప్పైందని చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "అరిచేటప్పుడు నీ ముఖం అచ్చం నాన్న ముఖంలా ఉందన్నయ్యా" అన్నాడు. నాన్న మమ్మల్ని కొట్టేవారు. అలా కాకూడదని పదమూడేళ్ల వయసులో ఒట్టు పెట్టుకున్నవాణ్ణి నేను. ఆ మాటకు గుండెల్లో మంట లేచి గొంతు దాకా వచ్చింది. లేచిన చోటు నుంచి తగ్గేదాకా దాన్ని చూస్తూ నిలబడ్డాను. తల నిండా ఆలోచనలే, నిశ్శబ్దం జాడే లేదు. అయినా నాన్న గురించి, నా గురించి ఇన్నేళ్లూ తెలియనిదేదో అక్కడ తెలిసింది.

అరుణాచల దారి గారూ, "ఈ కోపం ఎవరికి?" అని అడుగుతూ "నేను" ఎక్కడి నుంచి పుడుతోందో వెతకమన్న మహర్షి విచారణ మంట లేచిన ఆ క్షణంలోనే మొదలుపెట్టాలా, అది చల్లారి కూర్చున్నాక చేయాలా? మీరు ఎలా చేస్తారో చెప్పండి.