సర్వరుకు ఎక్కించిన ఫైళ్ళు పాడవుతున్నాయి: ఎఫ్‌టీపీలో ఎప్పుడూ బైనరీయేనా?

వేపచెట్టు:
మా ఊరి గ్రంథాలయంలోని పాత పుస్తకాల ముఖచిత్రాలను స్కాన్ చేసి, పేజీలు తయారుచేసి, నిన్న రాత్రి విండోస్ కంప్యూటర్ నుంచి లినక్స్ సర్వరుకు ఎక్కించాను. చిరకాలంగా సైట్లు నడుపుతున్న మిత్రుడు చెప్పినట్టు ఎఫ్‌టీపీని (సర్వరుకు ఫైళ్ళు పంపే పద్ధతి) ఆస్కీలో, అంటే ఫైళ్ళను పాఠ్యంగా లెక్కించే అమరికలో పెట్టి అన్నీ ఒకేసారి పంపాను. 64 పీఎన్‌జీ బొమ్మల్లో ఒక్కటీ తెరుచుకోవడం లేదు. జాబితా పేజీలో తెలుగు పోయి డిగ్రీ గుర్తులు, ప్లస్-మైనస్ గుర్తులు వరుసకట్టాయి. హోస్టింగ్ వాళ్ళు "ఎప్పుడూ బైనరీలోనే (ఫైలును ఉన్నదున్నట్టుగా) పంపండి" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

పాలపిట్ట:
హోస్టింగ్ వాళ్ళ మాటే వినండి. విండోస్‌లో వరుస చివర 13, 10 అనే రెండు బైట్లు ఉంటాయి, లినక్స్‌లో 10 ఒక్కటే. ఆస్కీలో పంపితే దారిలో ఆ 13 తొలగిపోతుంది. బొమ్మలో ఆ జంట వరుస ముగింపు కాదు, రంగుల సమాచారం. అదీ తెగిపోతుంది. పీఎన్‌జీని రూపొందించినవారు ఈ ప్రమాదాన్ని ముందే ఊహించి, ఫైలు మొదట్లో 137, 80, 78, 71, 13, 10, 26, 10 అనే ఎనిమిది బైట్ల ముద్ర పెట్టారు. అందులో 13 పోయిందంటే ఫైలు చెడిందని వెంటనే తెలుస్తుంది. సర్వరులోని బొమ్మ సైజును మీ దగ్గరున్న దానితో పోల్చి చూడండి, తగ్గి ఉంటుంది. పోయిన బైట్లు ఎక్కడివో చెప్పలేం కాబట్టి బాగుచేయాలని చూడకండి, మళ్ళీ పంపండి.

కొల్లేటి కొంగ:
బొమ్మల విషయంలో వాదన లేదు. కానీ "ఎప్పుడూ" అనే మాటను ఒప్పుకోను. 1985 నాటి ఎఫ్‌టీపీ ప్రమాణంలో ఆస్కీయే అప్రమేయ (ఏమీ ఎంచుకోకపోతే వాడే) పద్ధతి, అది ఊరికే పెట్టింది కాదు. విండోస్‌లో రాసిన పెర్ల్ స్క్రిప్టును (పెర్ల్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రామును) బైనరీలో పంపి చూడండి. స్క్రిప్టును నడపాల్సిన ప్రోగ్రాము పేరు ఉండే మొదటి వరుస చివర కంటికి కనిపించని 13 మిగిలిపోతుంది, లినక్స్ దాన్నీ పేరులో కలుపుకుని లేని ప్రోగ్రాము కోసం వెతుకుతుంది, మీకు 500 తప్పు (సర్వరు లోపలి తప్పు) కనిపిస్తుంది. దాన్ని పట్టుకోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. అందుకే స్క్రిప్టులకు ఆస్కీ, బొమ్మలకు బైనరీ.

పాలపిట్ట:
కొంగ గారూ, ఆ 13ను తీసేయాల్సింది ఎడిటర్లో, దారిలో కాదు. పైగా ఆస్కీని నమ్ముకోలేం. వీఎస్‌ఎఫ్‌టీపీడీ అనే ఎఫ్‌టీపీ సర్వరు మామూలు అమరికలో ఆస్కీకి సరేనంటుంది, కానీ ఫైలును ఉన్నదున్నట్టే రాసుకుంటుంది. ఆస్కీయో బైనరీయో ప్రోగ్రామే ఎంచుకునే ఆటో కూడా అంతే: ఎఫ్‌టీపీకి వాడే ఫైల్‌జిల్లా, పేరు చివర పొడిగింపు (.png లాంటిది) లేని ఫైళ్ళను పాఠ్యంగానే లెక్కిస్తుంది. పొడిగింపు లేకుండా కుదించి దాచిన డేటాబేసు ప్రతిని ఒకసారి అలాగే దించుకున్నాను. అవసరపడి తెరిచేనాటికి సర్వరులో అసలుది లేదు. మూడేళ్ళ వ్యాసాలు పోయాయి. ఆ బాధ ఇంకెవరికీ రాకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కొల్లేటి కొంగ:
మీ నష్టం విన్నాక దించుకునేటప్పుడు బైనరీయే సరైనదని ఒప్పుకుంటున్నాను. ఎక్కించేటప్పుడు మాత్రం, ఎడిటర్ అమరికలు తెలియని కొత్తవారికి ఆస్కీ అవసరమే.

సన్నజాజి:
వేపచెట్టు గారి తెలుగు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. దానికి ఆస్కీ కారణం కాదు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం మూడు బైట్లు: మొదటిది 224, రెండోది 176 లేదా 177. వాటిలో 13 గానీ 10 గానీ రావు, కాబట్టి ఈ మార్పిడి వాటిని తాకదు. అవే బైట్లను విండోస్-1252గా (పాశ్చాత్య భాషల పాత పద్ధతిలో) చదివితే 176 డిగ్రీ గుర్తు, 177 ప్లస్-మైనస్ గుర్తు. అంటే ఫైలు చెక్కుచెదరలేదు, బ్రౌజరు తప్పుగా చదువుతోంది. పేజీ మొదటి 1024 బైట్లలోపు యూటీఎఫ్-8 అని ప్రకటించండి. పేజీకి ముందు సర్వరు పంపే వివరాలు, అంటే హెడరు, వేరేలా చెబితే పేజీలో రాసింది చెల్లదు, అక్కడా సరిచేయించండి.

వేపచెట్టు:
సర్వరులోని బొమ్మ తెరిచి చూశాను, ముద్రలో 13 లేదు. బైనరీలో మళ్ళీ పంపగానే 64 బొమ్మలూ వచ్చాయి. తెలుగు మాత్రం అప్పటికీ అలాగే ఉంది. హెడరులో ఐఎస్‌ఓ-8859-1 అని, అంటే విండోస్-1252 లాంటి పాశ్చాత్య పద్ధతే ఉంది, మార్పించాక చక్కగా కనిపిస్తోంది. ఇక మిగిలింది వెతుకులాట స్క్రిప్టు, అది పెర్ల్‌లోనే ఉంది. పాలపిట్ట గారూ, ఎడిటర్లో వరుస ముగింపులు ఎక్కడ మార్చాలో చెప్పండి.