పలక నుంచి ట్యాబ్ దాకా: మన బడుల్లో పిల్లకాయలు ఎట్టా మారారు?

కందుకూరు పంతులు:
పాత విద్యార్థుల కలయికకు ఒక బోర్డు తయారు చేస్తున్నాం. "మా కాలంలో క్రమశిక్షణ ఉండేది" అనే మాట అందరూ అంటారు, అది వద్దు. బడిలో ఏ వస్తువు, ఏ నియమం మారినందుకు పిల్లకాయల తీరు మారిందో చెప్పండి.

మార్కాపురం వాసి:
పలకతో మొదలుపెట్టండి. మా పలకరాయి పొరలు పొరలుగా విడుతుంది. దాన్ని పలచగా చీల్చి, నున్నగా అరగదీసి, చెక్క చట్రం బిగించేవాళ్లు. రాతిపలక మీద బలపం కాస్త ఒత్తితేనే గీత పడుతుంది, అందుకే వేళ్లకు పట్టు వచ్చేది. తప్పు పోతే తడిగుడ్డతో తుడిచి మళ్లీ దిద్దడమే. తర్వాతొచ్చిన ప్లాస్టిక్ పలక మీద బలపం జారుతుంది. ఇప్పుడు ఎల్‌కేజీలోనే నాలుగు గీతల నోటుపుస్తకం. వేళ్లలో బలం రాకముందే ఆ ఇరుకులో రాయమంటే పసివాడు పెన్సిలును పిడికిలితో పడతాడు. అది అలవాటైపోతే మాన్పించడం మహా కష్టం, పై తరగతుల్లో నాలుగు వరుసలకే చెయ్యి నొప్పంటాడు.
ఒకటో తరగతి అయ్యోర్లు రోజుకు 15 నిమిషాలు పలక పట్టించండి. బలపం నిండుగా ఇవ్వొద్దు, అంగుళం ముక్క ఇవ్వండి. అంత పొట్టిది పిడికిట్లో ఇమడదు, మూడు వేళ్లతోనే పట్టుకోవాలి.

పొదిలి లెక్కల టీచర్:
అసలు మలుపు విద్యాహక్కు చట్టం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 17వ సెక్షన్ ప్రకారం కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. బెత్తం, గోడకుర్చీ, తొడపాశం అన్నీ దాని కిందికే వస్తాయి. అది మంచిదే. కానీ బెత్తం బదులు ఏం చేయాలో నేర్పినవాళ్లు తక్కువ, దాంతో కొందరు మాటలతో పొడుస్తున్నారు. అదీ వేధింపే.
పనికొచ్చేది ఇది: అయ్యోరు లోపలికి వచ్చేసరికే బోర్డు మీద మూడు చిన్న లెక్కలు ఉండాలి. గోల ఎక్కువగా లేచేది మొదటి ఐదు నిమిషాల్లోనే. అయినా అల్లరి చేస్తే పక్కకు పిలిచి మాట్లాడి, తేదీ వేసి పుస్తకంలో రాసుకోండి. మూడో తడవకి ఇంటివాళ్లను పిలవండి. ముందు వాడు బాగా చేసేది ఒకటి చెప్పి, తర్వాత సమస్య చెప్పండి. ఫిర్యాదు ఒక్కటే వింటే ఇంట్లో బెల్టు తీస్తారు, మరుసటి రోజు వాడు బడికే రాడు.

కావలి అమ్మ:
మధ్యాహ్న భోజనం మరిచిపోవద్దు. 1995 పథకంలో 80 శాతం హాజరుంటే నెలకు మూడు కిలోల ధాన్యం ఇచ్చేవాళ్లు. బువ్వకు ఇంటికెళ్లిన పిల్లకాయల్లో కొందరు మళ్లీ వచ్చేవాళ్లు కాదు. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి బళ్లోనే వండి పెడుతున్నారు, మధ్యాహ్నం తరగతి నిలబడింది. ఇప్పుడు చిక్కు కొళాయి దగ్గర: అందరూ ఒకేసారి పళ్లేలు కడగడానికి ఎగబడతారు, తోపులాట అక్కడే. చిన్న తరగతులను పది నిమిషాలు ముందు వదిలితే సర్దుకుంటుంది.

కందుకూరు పంతులు:
పరీక్షల సంగతి?

పొదిలి లెక్కల టీచర్:
పదికి ఒకప్పుడు 11 పేపర్లు, హిందీ తప్ప ప్రతిదానికీ రెండేసి. ఇప్పుడు సబ్జెక్టుకు ఒక్కటే, సైన్సు మాత్రం భౌతిక, జీవశాస్త్రాలుగా 50, 50. గణితం మొత్తం ఒకే పూట రాయాలి కాబట్టి చేతివేగం తప్పనిసరి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతికి ట్యాబులొచ్చాయి. వాటిలో పాఠం చూశాక, మూసేసి అదే లెక్క కాగితం మీద చేయించండి. చూసినంత సేపూ వచ్చినట్టే ఉంటుంది, మధ్య మెట్టు ఎక్కడ తప్పుతుందో రాస్తేనే బయటపడుతుంది.