"నాకు వచ్చు" అనడానికి ఇటాలియన్‌లో సపేరేనా, పొతేరేనా?

తోరినో_కుర్రాడు
నిన్న రెస్టారెంట్ వంటింట్లో పనికి వెళ్లాను. ఓనరమ్మ "సా కుచినారే?" (వంట వచ్చా?) అంది. "సీ, పోస్సో కుచినారే" (అవును, వండగలను) అన్నాను. గడియారం చూసి, ఇప్పుడొద్దు అంది. ఇప్పుడే వండుతానంటున్నాననుకుంది! సపేరే, పొతేరే, కొనోషేరే ఎక్కడేది వాడాలి? "గబగబా తరగలేను" అని ఎలా చెప్పాలి?

పాదువా_అక్క
తమ్ముడూ, తెలుగులోనే ఉంది కిటుకు. ఈత వచ్చు అంటే "సో నువొతారే". నేర్చుకున్న విద్యకి సపేరే. ఇక్కడ ఈదవచ్చా అంటే "సి పువో నువొతారే?" అనుమతికి పొతేరే. మన "వచ్చు" విడిగా నిలబడితే విద్య, క్రియకి అతుక్కుంటే అనుమతి.

కరీంనగర్_పోరడు
ఈత వచ్చు అని ఎవరంటరక్కా? మా దిక్కు ఈత వస్తది అంటం. తెలుసు గాదు, ఎరుకే అంటం. మీ గుంటూరు మాటతోని రూలు పెడితే మాకెట్ల సమజైతది?

పాదువా_అక్క
మాది శ్రీకాకుళం. ఆ అబ్బాయికి ఉద్యోగం కావాలి, నువ్వు యాస పంచాయితీ పెట్టకు.

కరీంనగర్_పోరడు
పంచాయితీ గాదు. "వస్తది" అన్నా "సో" అనే అయితది, గది గూడ రాయమంటున్న. మా చెల్లె ఇదే చదివి నేర్చుకుంటది.

రోమ్_సిస్టర్
ఇద్దరూ శాంతించండి. నేను కాన్వెంట్‌కి వచ్చిన కొత్తలో "నాకు తెలుసు" అనే అలవాటుతో "మీ సో" (మీ అంటే నాకు) అనేదాన్ని. తెలిసిన మనిషే కర్త ఇక్కడ, సపేరే రూపాలివి: సో, సాయి, సా, సాప్పియామో, సాపేతే, సాన్నో. ఇష్టం దగ్గర మాత్రం వాళ్లూ మనలాగే, "మీ పియాచే" (నాకు ఇష్టం). ఇంకోటి, సూప్ చప్పగా ఉంటే "నోన్ సా దీ నియెంతే" (ఏ రుచీ లేదు) అంటారు. లాటిన్‌లో ఈ క్రియకి రుచి అనే అర్థం ఉండేది.

మిలానో_సీ1
ఇటాలియన్‌లో సీ1 (పై స్థాయి పరీక్ష) పాసయ్యాను, నా మాట వినండి. మనుషులకీ ఊళ్లకీ కొనోషేరే, విషయానికి సపేరే. "సపేవో" అంటే ముందే తెలుసు, "ఓ సపూతో" అంటే అప్పుడు తెలిసింది. సపేరే తర్వాత నామవాచకం రాదు.

పాదువా_అక్క
రాదా? "సో లితల్యానో" (నాకు ఇటాలియన్ వచ్చు) అని రోజూ వింటున్నాను. సర్టిఫికెట్ ఉందని తప్పు చెప్పకండి.

మిలానో_సీ1
భాషల్లాంటి వాటికి వస్తుంది, ఒప్పుకుంటున్నాను. కానీ ఇంత కోపం అవసరమా?

స్టీరింగ్_అన్న
నా బాధ వినండి. హైదరాబాద్‌లో 11 ఏళ్లు కారు నడిపాను. ఇక్కడ రెసిదెంత్సా (నివాస నమోదు) తీసుకుని ఏడాది దాటింది, మన లైసెన్సు చెల్లదు, మార్చుకునే ఒప్పందమూ లేదు. "సో గ్విదారే, మా నోన్ పోస్సో" (నడపడం వచ్చు, కానీ నడపడానికి లేదు). నాకు సపేరే, పొతేరే తేడా ఈ ఒక్క వాక్యంతోనే ఎక్కింది. థియరీ పరీక్ష ఇటాలియన్‌లో, రెండుసార్లు పోయింది.

కరీంనగర్_పోరడు
అన్నా, ప్రశ్నలు నా దగ్గరున్నయ్. మెసేజ్ పెట్టు, ఇద్దరం కూసొని చదువుదం.

తోరినో_కుర్రాడు
ఇవాళ మళ్లీ వెళ్లి "సో ఫారే ఇల్ రిజొత్తో" (రిజొత్తో అనే అన్నం వంటకం చేయడం వచ్చు) అన్నాను. శనివారం రమ్మంది! అక్కా, సిస్టర్, థాంక్యూ. తరగలేను సంగతి ఎవరూ చెప్పలేదు. "నోన్ రియెస్కో" (నా వల్ల కావట్లేదు) అనాలా? శనివారం లోపల కావాలి.