పై పోర్షన్ ఉడుకుతోంది: పైన తెల్లపూతా, లోపల ఫాల్స్ సీలింగా?

కడప_పైపోర్షన్:
ఐదంగుళాల శ్లాబు, దాని మీద ఏమీ వేయలేదు. ఏప్రిల్ వచ్చిందంటే రాత్రి పదకొండుకు కూడా ఫ్యాను వేడిగాలే కొడుతుంది. అమెరికాలో మినసోటాలో ఉండే మా బావ "ముందు సందులన్నీ మూసెయ్, తర్వాత ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) పరుచు" అంటాడు. మేస్త్రీ ఏమో లోపల థర్మాకోల్ పెట్టి ఫాల్స్ సీలింగ్ కొట్టిద్దాం అంటున్నాడు. ఏసీ ఒక్క బెడ్‌రూమ్‌లోనే ఉంది. ఎవరి మాట వినాలి?

అనంత_సివిల్:
బావగారు చెప్పింది అక్కడికి సరిపోతుంది. అక్కడ వాలుకప్పుకూ సీలింగుకూ మధ్య ఖాళీ అటక ఉంటుంది. చలికాలంలో హీటరు వేడి లైట్ల కన్నాల్లోంచి, వైర్లు పోయే సందుల్లోంచి అందులోకి ఎక్కిపోతుంది. వెంట తేమ కూడా వెళ్లి, చల్లటి చెక్కకు తగిలి నీరవుతుంది, చెక్క బూజు పడుతుంది. అందుకే ముందు సందులు మూసి, ఆపైన అడుగుకు మించిన మందాన ఫైబర్ గ్లాసో సెల్యులోజో పరుస్తారు. అదే ఎండలు ఎక్కువుండే టెక్సాస్, ఫ్లోరిడా వైపు కప్పు కింద మెరిసే రేకు కూడా కొట్టేవాళ్లున్నారు.

మనకు అటకా లేదు, ఆ చలీ లేదు. శ్లాబు పగలంతా ఎండ తాగి రాత్రంతా కిందికి కక్కుతుంది. కాబట్టి పని శ్లాబు పైనే జరగాలి. తెల్లపూత వేయండి.

కర్నూలోడు:
ఏంది సార్, మా ఇంట్లో ఫాల్స్ సీలింగ్ కొట్టించినాక ఏసీ తొందరగా కట్ అవుతోంది. థర్మాకోల్ కాంక్రీటు కంటే దాదాపు 40 రెట్లు తక్కువ వేడిని పోనిస్తుంది. పైన పెట్టినా కింద పెట్టినా అదే థర్మాకోల్ కదా? ఇక మీ తెల్లపూత మీద ఒక్క గాలిదుమారం వచ్చిందంటే అంతా మట్టిరంగే.

అనంత_సివిల్:
ఏసీ గదికి నీ మాట ఒప్పుకుంటా తమ్ముడూ. అక్కడ బావగారి సలహా కూడా పనికొస్తుంది. తలుపు కింద సందు, కిటికీ రెక్కలు, పాత వెంటిలేటరు మూయించాలి. కానీ థర్మాకోల్ కింద పెడితే శ్లాబు ఎండకు సాగుతూ రాత్రికి ముడుచుకుంటూనే ఉంటుంది. పగుళ్లు అట్లనే వస్తాయి, వానకు కారేది అక్కడే. దుమ్మంటావా, ఎండాకాలంలో అప్పుడప్పుడు చీపురు పెట్టి కడిగితే పోతుంది.

పాత_మిద్దె:
మా తాత మట్టిమిద్దెలో ఇప్పటికీ మేలో మధ్యాహ్నం నిద్ర పడుతుంది. దూలాలు, వాటి మీద దంతెలు (సన్న కర్రలు), పైన మందంగా మట్టి, ఏటా వానలకు ముందు చౌడుమట్టి. మీరు సందులు మూయమంటారు గానీ, ఆ మిద్దెకు నడినెత్తిన గవాచి, అంటే కప్పులో వదిలిన కన్నం, ఉంటుంది. వేడిగాలి దాంట్లోంచే పోతుంది. శ్లాబు మీద నాలుగంగుళాల మట్టి పోస్తే పోలా?

అనంత_సివిల్:
అంత పని చేయొద్దు. తడిసిన మట్టి ఆ మందంలో చదరపు మీటరుకు 180 కిలోలు దాటుతుంది. మనుషులు తిరిగే డాబాకు ఐఎస్ 875 (కట్టడాల మీద బరువులకు మన దేశ ప్రమాణం) లెక్కలో లైవ్ లోడే, అంటే మనుషులూ సామాన్ల బరువుకు వదిలేదే, చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. గవాచి సంగతి మాత్రం నిజం. ఏసీ లేని గదులకు రాత్రి కిటికీలు తెరవాల్సిందే.

కర్నూలోడు:
అనంతపురంలో కూర్చొని చెబుతున్నారు. మీ ఊరు 330 మీటర్ల ఎత్తులో ఉంది, కడప 140 లోపే. మేలో కడపలో రాత్రి కిటికీ తెరిస్తే వచ్చేది ఏం గాలి?

అనంత_సివిల్:
అదీ నిజమే. అందుకే కడపలో ఉత్త పూతతో సరిపెట్టకుండా, డబ్బులుంటే శ్లాబు మీద వాటర్ ప్రూఫింగ్, ఆపైన ఎక్స్‌పీఎస్ బోర్డు (థర్మాకోల్ లాంటిదే, ఇంకా గట్టిది), దాని మీద కాంక్రీటు పరిచి తెల్ల టైల్స్. లేదంటే ఏటా సున్నమే.

అద్దెబతుకు:
మా ఓనరు సున్నానికి కూడా ఒప్పుకోడు. డాబా మీద గుంజలు పాతి గ్రీన్ నెట్ కట్టినాం. శ్లాబుకూ నెట్‌కూ మధ్య గాలి ఆడేట్టు ఎత్తులో కట్టాలి. పూత అంత కాకపోయినా తేడా తెలుస్తుంది.

కడప_పైపోర్షన్:
ఫాల్స్ సీలింగ్ క్యాన్సిల్. ముందు పగుళ్లు పూడ్పించి, ఈ ఏటికి సున్నం. ఒక్క డౌటు: వాటర్ ట్యాంకు కిందికి బ్రష్షు దూరదు, ఎట్లా?

పాత_మిద్దె:
అక్కడ ఎండే పడదు గదప్పా, వదిలెయ్.