బోటు లేకుండా క్రాపీ (ఇక్కడి మంచినీటి చేప) ఎక్కడ దొరుకుతుంది? (డాలస్ చుట్టుపక్కల)

ప్రశ్న (ఫ్రిస్కో నుంచి):
అందరికీ నమస్కారం. మా ఊళ్లో కాలవ గట్టున గాలం వేసిన అలవాటు ఉంది. ఇక్కడ లూయిస్‌విల్ లేక్ దగ్గరే కానీ, గట్టున ఎంతసేపు కూర్చున్నా చిన్న సన్‌ఫిష్ తప్ప ఏమీ పడట్లేదు. క్రాపీ రుచి గురించి ఆఫీసులో అందరూ తెగ చెప్తున్నారు. బోటు కొనే ఉద్దేశం లేదు, అపార్ట్‌మెంట్‌లో పెట్టే చోటూ లేదు. పిల్లల్ని తీసుకుని వెళ్లగలిగే చోట్లు చెప్తారా?

జవాబు (డెంటన్ నుంచి):
బోటు లేదని దిగులు పడకండి. క్రాపీకి కావాల్సినవి రెండే: దాక్కోవడానికి కొమ్మో స్తంభమో, పక్కనే కాస్త లోతు. ఆ రెండూ గట్టుకి దగ్గరగా ఉన్న చోటు చూసుకోవాలి. ఖాళీ ఇసుక గట్టున రోజంతా కూర్చున్నా లాభం లేదు.

ఏడాదిలో మీకు బాగా కలిసొచ్చే కాలం మార్చి, ఏప్రిల్. నీళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంటే గుడ్లు పెట్టడానికి చేపే మీ దగ్గరికి వస్తుంది. రెండు నుంచి ఆరు అడుగుల లోతులోనే ఉంటుంది. వాగు వచ్చి లేక్‌లో కలిసే మూలలు, నీట మునిగిన పొదలు, మోడులు, జమ్ము ఉన్న అంచులు వెతకండి. అప్పుడు బోటు వాళ్లకంటే గట్టున నిలబడ్డవాళ్లకే వీలు ఎక్కువ, చప్పుడు ఉండదు కదా.

మిగతా కాలంలో ఫిషింగ్ పియర్లే (గట్టు నుంచి నీళ్ల మీదకి కట్టిన వంతెన లాంటివి) దిక్కు. రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్క్‌లో ఐల్ డు బాయ్ వైపు పియర్ ఉంది. మీకు దక్షిణంగా వెళ్లే వీలుంటే జో పూల్ లేక్ మీద సీడర్ హిల్ స్టేట్ పార్క్‌లో లైట్లున్న జెట్టీలు ఉన్నాయి, పిల్లలకి విడిగా చిన్న చెరువు కూడా ఉంది. కొన్ని మరీనాల్లో (బోట్లు నిలిపే చోట్లలో) డబ్బు కట్టి చేపలు పట్టుకునే తేలే డాక్‌లు ఉంటాయి. చలికాలంలో నేనైతే వాటికే ఓటేస్తాను. కానీ ప్రైవేటు డాక్ మీదకి అడక్కుండా ఎక్కొద్దు. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో చాలా లేక్‌లకి, చేపల కోసం నీళ్లలో ముంచిన చెట్ల గుట్టలు ఎక్కడున్నాయో జీపీఎస్‌తో సహా ఇచ్చారు. పియర్ చుట్టూ అలాంటివి ఉన్నాయేమో ముందు చూసుకోండి.

ఇప్పుడు అసలు సంగతి, లోతు. క్రాపీ కళ్లు పైకి చూస్తుంటాయి. తన తల పైనున్న ఎరని అందుకుంటుంది కానీ, కింద ఉన్నదాని కోసం సాధారణంగా దిగదు. అందుకని దారం మీద జారే బెండు కట్టి, లేక్ నేలకి ఒక అడుగు పైన మొదలుపెట్టండి. ఐదు నిమిషాలు చూసి ఏమీ లేకపోతే ఇంకో అడుగు పైకి. ఒకటి పడిన లోతుని మాత్రం వదలొద్దు, గుంపుగా ఉంటాయి. ఎరకి బతికున్న మిన్నో (చిన్న ఎర చేప), సన్న తీగ గాలం నంబర్ 4 లేదా 6, ఆరు పౌండ్ల బరువు ఆగే దారం చాలు. సన్న తీగ అయితే కొమ్మకి తగులుకున్నా, గట్టిగా లాగితే వంగి బయటికొస్తుంది.

ఒక్కోసారి బెండు మునగదు, నిలబడ్డది కాస్తా పక్కకి పడుకుంటుంది. అంటే చేప ఎరని పట్టుకుని పైకి లేచిందన్నమాట. అప్పుడు గుంజొద్దు. దాని మూతి కాగితంలా పల్చన, చిరిగిపోతుంది. కర్రని మెల్లగా పైకెత్తి చుట్టండి.

ప్రశ్న (ఫ్రిస్కో నుంచి):
చాలా థ్యాంక్స్ అండి. లోతు సంగతి నాకు అసలు తట్టలేదు. మరి లైసెన్స్ సంగతి? పని రోజుల్లో రాత్రి వెళ్తే దొరుకుతాయా?

జవాబు (ప్లేనో నుంచి):
లైసెన్స్ సంగతి నేను చెప్తాను. టెక్సస్ స్టేట్ పార్క్ లోపల గట్టు మీదో పియర్ మీదో పట్టేవాళ్లకి లైసెన్స్ అక్కర్లేదు. ఎంట్రీ ఫీజు ఉంటుంది, 12 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలకి అది కూడా లేదు. శనాదివారాలు పార్కులు నిండిపోతాయి, ముందే డే పాస్ బుక్ చేసుకోండి. పార్క్ బయట పబ్లిక్ నీళ్లలో అయితే 17 నిండిన ప్రతి ఒక్కరికీ లైసెన్స్ ఉండాలి. పార్క్‌లో పట్టినా సైజు, సంఖ్య నియమాలు మాత్రం మారవు. క్రాపీ సాధారణంగా 10 అంగుళాలకి తగ్గకూడదు, రోజుకి మనిషికి 25. నల్ల క్రాపీ, తెల్ల క్రాపీ అని రెండు రకాలున్నా కలిపే లెక్క. నోరు మూసి, తోక దగ్గరికి నొక్కి కొలవాలి. లేక్‌ని బట్టి ప్రత్యేక నియమాలు ఉంటాయి, వెళ్లే ముందు చూసుకోండి.

జవాబు (డెంటన్ నుంచి):
రాత్రి బాగానే దొరుకుతాయి, ముఖ్యంగా ఎండాకాలంలో. లైటు వెలుగుకి ముందు సూక్ష్మజీవులు, వాటి కోసం చిన్న చేపలు, వాటి వెనకే క్రాపీ. అందుకే లైట్లున్న జెట్టీల సంగతి చెప్పాను. వెలుగు నడిమధ్యలో కాకుండా, వెలుగూ చీకటీ కలిసే అంచున ఎర దింపండి. అయితే పార్క్ గేటు ఎన్ని గంటలకి మూస్తారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పిల్లలుంటే లైఫ్ జాకెట్ మర్చిపోవద్దు.

ఇంకొకటి. రే రాబర్ట్స్‌లోనూ లూయిస్‌విల్‌లోనూ జీబ్రా మస్సెల్స్ (బయటి నుంచి వచ్చి లేక్‌లని పాడుచేసే చిన్న గుల్లచేపలు) చేరాయి. వాటి పిల్లలు కంటికి కనబడవు, బకెట్ నీళ్లలో ఇంకో లేక్‌కి వెళ్లిపోతాయి. అందుకని ఇంటికి బయల్దేరే ముందు, మిన్నో బకెట్‌లో లేక్ నీళ్లు పోసి ఉంటే అక్కడే పూర్తిగా ఒంపేయాలి. బోటు వాళ్లకైతే ఇది చట్టం కూడా.